పాత మోటారు సైకిలు చెప్పు చరిత్ర

చరిత్ర అనగానే మనకు శాసనములు, నాణెములు, కోటగోడలు, తాళపత్రములు జ్ఞప్తికి వచ్చును. ఇవన్నియు చరిత్రకు ఆధారములే. కాని మనుష్యుడు తన చేతితో చేసిన ప్రతి వస్తువును ఆయా కాలపు శాస్త్రమునకు, వాణిజ్యమునకు, రాజ్యవ్యవహారమునకు సాక్షిగా నిలుచును. రాతిగొడ్డలిని చూచి ఆదిమానవుని జీవితమును ఊహించునట్లే, పాత మోటారు సైకిలును విప్పి చూచినవాడు ఇరువదవ శతాబ్దపు పారిశ్రామిక చరిత్రను కొంతవరకు చదువగలడు. అయితే రాతిగొడ్డలికి లేని గుణమొకటి యంత్రమునకు కలదు. అది నడచినపుడే పూర్తిగ అర్థమగును. ఆగిపోయిన గడియారము వేళ చెప్పలేనట్లే, ఆగిపోయిన ఇంజను తన సంగతిని సగమే చెప్పును.

ఈ కారణముననే పాత మోటారు సైకిళ్ళను సేకరించి, బాగుచేసి, నడుపుట పలు దేశములలో ఒక అభిరుచిగ వ్యాపించినది. మన దేశమునందును ఇట్టివారి బృందములు అనేక నగరములలో కలవు. ఏటేట జూలై నెల రెండవ ఆదివారమున జావా, యెజ్డీ బండ్ల యజమానులు తమ తమ ఊళ్ళలో బండ్లతో కూడి ఉత్సవము జరుపుకొందురు. దీనిని కేవలము కాలక్షేపమని తీసివేయరాదు. ఈ పనిలో ఎంత చరిత్ర, ఎంత శాస్త్రము ఇమిడియున్నవో, దానికి నేడు ఏర్పడిన చిక్కులెట్టివో ఈ వ్యాసమున విచారింతము.

ఆత్మకూరు దారి

తెలుగునాట ఆత్మకూరు పేరుగల ఊళ్ళు పలు కలవు. ఇచట మనము చెప్పుకొనునది నల్లమల అంచుననున్న ఆత్మకూరు. ఇది మొదట కర్నూలు జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఇప్పుడొక రెవిన్యూ డివిజను కేంద్రము. కర్నూలు నుండి నందికొట్కూరు మీదుగ వచ్చు రోడ్డు ఆత్మకూరు దాటిన పిదప మైదానమును విడిచి, బైర్లూటి మీదుగ అడవిలో ప్రవేశించి, దోర్నాల చేరును. శివరాత్రికి, ఉగాదికి శ్రీశైలము పోవు భక్తులు నాగలూటి, పెచ్చెరువుల మీదుగ కొండలెక్కు కాలిబాటయు ఈ ప్రాంతముననే కలదు.

మైదానములో ఏ బండియైనను ఒకవిధముగ పోవును. కొండదారిలో మాత్రము ఇంజను బలమెంత, బ్రేకుల పట్టెంత, దీపపు వెలుగెంత అనునవి పుస్తకము చూడనక్కరలేకయే తెలిసిపోవును. కావున యంత్రము యొక్క గుణదోషములను తెలిసికొనుటకు ఈ దారి తగిన పరీక్షాస్థలము. మరియొక సంగతి. కర్నూలు 1953 నుండి 1956 వరకు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానిగ నుండెను. మద్రాసులో మోటారు సైకిళ్ళ పరిశ్రమకు పునాది పడినదియు ఆ సంవత్సరములలోనే. ఆ పరిశ్రమ సంగతికి పోవుటకు ముందు మోటారు సైకిలు పుట్టుకను క్లుప్తముగ చెప్పుకొనవలెను.

తుపాకి చేసిన చేతులు

1885లో జర్మనీ దేశమునందు గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ అను ఇంజనీర్లు ఒక చెక్కబండికి పెట్రోలు ఇంజనును అమర్చిరి. ఆ ఇంజను పరిమాణము 264 ఘన సెంటీమీటరులు. శక్తి సుమారు అర అశ్వశక్తి. బండి పడిపోకుండ ఇరుప్రక్కల చిన్న చక్రములుండెను. విద్యుత్తు నిప్పురవ్వకు బదులు, మంటతో కాచిన గొట్టము ద్వారా పెట్రోలు ఆవిరిని మండించెడివారు. 1894లో హిల్డెబ్రాండ్, వుల్ఫ్‌ముల్లర్ అనువారు మ్యూనిక్ నగరమున అమ్మకమునకై మోటారు సైకిళ్ళను తయారుచేసిరి. దానిలో పిస్టను కడ్డీలు వెనుక చక్రమును సరాసరిగ తిప్పెడివి. క్లచ్చు లేదు, గేర్లు లేవు. 1902లో బాష్ సంస్థవారి హైవోల్టేజి మాగ్నెటో వచ్చిన పిదపగాని నిప్పురవ్వ నమ్మదగినది కాలేదు.

ఇంగ్లండులో రెడిచ్ పట్టణము సూదుల తయారీకి పేరుపడినది. అచటి సైకిళ్ళ సంస్థయొకటి ఎన్‌ఫీల్డు ప్రభుత్వ ఆయుధాగారమునకు తుపాకి భాగములు చేసియిచ్చి, ఆ పేరును తన పేరుగ గ్రహించినది. అదియే రాయల్ ఎన్‌ఫీల్డ్. వారి తొలి మోటారు సైకిలు 1901లో వెలువడెను. బి.ఎస్.ఎ. అను మూడక్షరములు బర్మింగ్‌హాం చిన్న ఆయుధముల సంస్థకు సంకేతము. చెకొస్లొవేకియాలో ఆయుధములు తయారుచేయుచుండిన ఫ్రాంటిషెక్ యానెచెక్, వాండరర్ అను జర్మను మోటారు సైకిలు హక్కులను కొని, 1929లో రెండు పేర్ల మొదటి అక్షరములను కలిపి ‘జావా’ అని పేరుపెట్టెను.

ఈ మూడు సంస్థలును ఆయుధముల పనితో సంబంధము కలవియే యగుట గమనింపదగినది. తుపాకి గొట్టమును నున్నగ, సరియైన కొలతకు తొలుచు నేర్పే సిలిండరును తొలుచుటకును కావలెను. యుద్ధములకై పెరిగిన లోహపు పనితనము శాంతికాలమున రోడ్డుమీదికి వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధమున అదే పనితనము తిరిగి సైన్యమునకు పోయినది. ఆ యుద్ధకాలమున బి.ఎస్.ఎ. వారి ఎం-20 అను బండ్లు లక్షకు పైగ తయారైనవి. యుద్ధము ముగిసిన పిదప సైన్యము వద్ద మిగిలిన బి.ఎస్.ఎ., నార్టన్ మున్నగు బండ్లను మన దేశములో ప్రజలకు అమ్మిరి. నేడు సేకర్తలయొద్ద కనబడు ఇంగ్లీషు బండ్లలో కొన్ని ఆ విధముగ ఇచట మిగిలినవే.

మద్రాసు బుల్లెట్టు

స్వాతంత్ర్యము వచ్చిన పిదప విదేశపు మారకద్రవ్యము కొరత వలన ప్రభుత్వము పూర్తి వాహనముల దిగుమతిని అదుపు చేసి, వానిని స్వదేశములో తయారుచేయుటను ప్రోత్సహించెను. సరిహద్దులలో తిరుగుటకు సైన్యమునకును మోటారు సైకిళ్ళు కావలసివచ్చినవి. ఎన్నిక రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి 350 సి.సి. బుల్లెట్టుపై పడినది. 1955లో రెడిచ్ సంస్థయు మద్రాస్ మోటార్స్ సంస్థయు కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా అను కంపెనీని స్థాపించిరి. మద్రాసు ప్రక్కన తిరువొత్తియూరులో కర్మాగారము వెలసినది. మొదట ఇంగ్లండు నుండి వచ్చిన భాగములను కూర్చుట మాత్రమే జరిగెడిది. పిమ్మట పనిముట్లు, అచ్చులు కూడ ఇచటికే వచ్చి, 1960 దశకారంభమునకు భాగములన్నియు ఇచటనే తయారగుచుండెను.

ఆ పిదప జరిగినది చరిత్రలో అరుదైన సంగతి. 1967లో రెడిచ్ కర్మాగారము మూతపడెను. 1970 దశకారంభమునకు ఇంగ్లండులో ఆ సంస్థ తయారీయే నిలిచిపోయినది. తల్లివేరు ఎండినను, అంటుకట్టిన కొమ్మ మద్రాసులో పూచుచునే యుండెను. దిగుమతుల పోటీ లేని మన మార్కెట్టులో ఆ నమూనాను మార్చవలసిన తొందర లేకపోయినది. 1977లో ఎన్‌ఫీల్డ్ ఇండియావారు అదే బుల్లెట్టును ఇంగ్లండుకు ఎగుమతి చేసిరి! 1994లో ఐషర్ సంస్థ దీనిని తన వశము చేసికొనెను. పోత ఇనుప సిలిండరుగల ఆ పాత ఇంజను ఇంచుమించు 2009 ప్రాంతము వరకు తయారగుచునే వచ్చినది.

దీనివలన బాగుచేయువానికి కలిగిన మేలు ఎంతో కలదు. 1960నాటి బండికి 1990నాటి బండి భాగములు అనేకము సరిపోవును. కాని చరిత్రకారునికి ఇదియే చిక్కు. ఏ భాగము బండితో పుట్టినదో, ఏది నడుమ వచ్చి చేరినదో కనిపెట్టుట కష్టము. గేరు లివరు కుడి కాలి వైపున, బ్రేకు ఎడమ కాలి వైపున ఉండుట పాత బుల్లెట్టు గుర్తు. టాంకుపైనున్న బంగారు రంగు గీతలు చేతి కుంచెతో గీసినవి. కావున ఏ రెండు టాంకుల గీతలును పూర్తిగ ఒకటిగ ఉండవు.

మైసూరు జావా, తిరుపతి సువేగ

బుల్లెట్టు నాలుగు స్ట్రోకుల ఇంజను. రెండు స్ట్రోకుల ఇంజను మన ప్రాంతమున ప్రచారమగుటకు ముఖ్య కారణము మైసూరు కర్మాగారము. రుస్తుం ఇరానీ, ఫరోఖ్ ఇరానీ అనువారు స్థాపించిన ఐడియల్ జావా సంస్థ 1961లో మైసూరున తయారీ ప్రారంభించెను. 1970 దశకమున ఆ బండ్లు యెజ్డీ పేరుతో వెలువడసాగినవి. ఇరాను దేశమునందలి యజ్ద్ నగరము ఈ పేరునకు మూలము. జావా ఇంజనులో సిలిండరు ఒకటియే. కాని పొగ పోవు గొట్టములు రెండు. గేరు లివరునే లోపలికి నొక్కి త్రిప్పిన అదియే కిక్ లివరగును. ఈ యుక్తి చూచి ఇప్పటికిని కొత్తవారు ఆశ్చర్యపడుదురు. ఆ కర్మాగారము 1996లో మూతపడెను. జావా పేరు తిరిగి 2018లోగాని, యెజ్డీ పేరు 2022లోగాని మార్కెట్టునకు రాలేదు. నడుమ ఇరువది ఏండ్లకు పైగ ఆ బండ్లను రోడ్డుమీద నిలిపినవారు మెకానిక్కులును, అభిరుచిగల యజమానులును మాత్రమే.

1962లో ఎస్కార్ట్స్ సంస్థవారు పోలండు దేశపు నమూనాతో రాజ్‌దూత్ బండిని వెలువరించిరి. ఇట్లు ఇంగ్లండు, చెకొస్లొవేకియా, పోలండు అను మూడు దేశముల నమూనాలు ఆ కాలపు మన రోడ్లపై తిరిగినవి. మన విదేశ వాణిజ్యము ఏయే దిక్కుల సాగినదో ఈ బండ్లే చెప్పుచున్నవి. 1984-85లలో జపాను నమూనాలు వచ్చినవి. ఇండ్-సుజుకి, యమహా ఆర్.ఎక్స్.100, హీరో హోండా సి.డి.100 బండ్లతో పాత యుగము ముగిసినదనవచ్చును.

ఈ వరుసలో రాయలసీమకే చెందిన బండి యొకటి కలదు. తిరుపతిలో మోపెడ్స్ ఇండియా అను సంస్థ ఫ్రాన్సు దేశపు మోటోబెకాన్ వారి సహకారముతో ‘సువేగ’ అను మోపెడ్లను తయారుచేసెను. సుమారు 50 సి.సి. చిన్న ఇంజను, అవసరమైనపుడు సైకిలువలె తొక్కుటకు పెడళ్ళు. అయినను నేటి సేకర్తల దృష్టి పెద్ద బండ్లపైననే యున్నది. బుల్లెట్టుకు విలువ పెరుగుచున్నది. సువేగ పాత ఇనుము బేరగానికి పోవుచున్నది. మన నేలపై తయారైన యంత్రము కనుమరుగగుట ఎంతయు శోచనీయము. ధరనుబట్టి చరిత్రను కొలుచుట ఎన్నటికిని తగదు.

బాగుచేయుట, కొత్తది చేయుట

పాత బండి దొరకగానే రంగు వేయించుట సామాన్యముగ జరుగుచున్న పని. ఇది శాసనమును చదువకముందే దానికి సున్నము కొట్టుటవంటిది. మొదట చేయవలసినది ఇంజను నంబరును, ఛాసిస్ నంబరును రిజిస్ట్రేషను పుస్తకముతో సరిచూచుట. నంబరు పలక కూడ ఒక ఆధారమే. 1988 మోటారు వాహనముల చట్టము అమలైన పిదప కర్నూలు జిల్లా బండ్లకు ఏపీ 21 అను గుర్తు వచ్చినది. 2019 నుండి ఆంధ్రప్రదేశ్ అంతటికిని ఏపీ 39 అను ఒకే వరుస మొదలైనది. అంతకు పూర్వపు అక్షరములు కల పలక కనబడినచో దానిని పారవేయరాదు. పిదప విప్పుచు ప్రతి భాగమును ఫొటో తీసి, ఏ బోల్టు ఎచటిదో వ్రాసికొనవలెను.

తుప్పు వదల్చుటలో రసాయనశాస్త్రము పనిచేయును. చిన్న భాగములకు విద్యుద్విశ్లేషణ మంచి పద్ధతి. ప్లాస్టిక్ తొట్టిలో నీరు పోసి, కొంచెము చాకలి సోడా కలిపి, తుప్పుపట్టిన భాగమును 12 వోల్టుల బ్యాటరీ ఋణధ్రువమునకును, వేరొక పాత ఇనుపముక్కను ధనధ్రువమునకును తగిలించవలెను. భాగముపై ఉదజని బుడగలు లేచును. తుప్పు వదులై, కొంత నల్లని ఆక్సైడుగ మారి, బ్రష్షుతో రాలిపోవును. ఉదజని మండునది గనుక ఆరుబయట, ఉపాధ్యాయుని ఎదుట మాత్రమే దీనిని చేయవలెను. ధనధ్రువమునకు స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కను వాడరాదు. దానినుండి విషతుల్యమైన క్రోమియము లవణములు నీటిలో చేరును. పెట్రోలు టాంకుకు ఈ ప్రయోగము పాఠశాలలో తగదు. ఖాళీ టాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరియే ప్రేలుటకు చాలును. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును. కావున ఆ ధూళిని ఊదక, తడిగుడ్డతో తుడువవలెను.

ఇక సిలిండరు సంగతి. బుల్లెట్టు 350 ఇంజనులో సిలిండరు అడ్డుకొలత 70 మిల్లీమీటరులు. పిస్టను కదలు పొడవు 90 మిల్లీమీటరులు. స్తూపము ఘనపరిమాణమును కనుగొను సూత్రముతో విద్యార్థులు లెక్కవేసినచో 346 ఘన సెంటీమీటరులు వచ్చును. దీనినే మనము 350 సి.సి. అనుచున్నాము. జావా 250కి కొలతలు 65, 75 మిల్లీమీటరులు, ఘనపరిమాణము 249. ఏండ్ల తరబడి పిస్టను రాపిడికి సిలిండరు అరిగి, గుండ్రదనము కోల్పోవును. అపుడు లేతు షెడ్డులో బోరు చేయించి, దానికి తగిన పెద్ద పిస్టను వేయుదురు. ఈ పిస్టనులు 0.25 మిల్లీమీటరు చొప్పున పెరుగు కొలతలలో దొరకును. ఒక మిల్లీమీటరు పెరిగి 71 అయినచో ఘనపరిమాణము 356 అగును. పుస్తకములోని 346కును, చేతిలోని ఇంజనులోని 356కును గల భేదమే ఆ బండి ఎంత తిరిగినదో చెప్పు లెక్క. బోరు హద్దు దాటిన పిదప సిలిండరులో స్లీవు దిగవేసి మొదటి కొలతకు తేవలసియుండును.

ఏ భాగమును మార్చవలెను, దేనిని ఉంచవలెను అనునది ఈ పనిలో పెద్ద వివాదము. ప్రాణరక్షణకు సంబంధించిన బ్రేకులు, టైర్లు, కేబుళ్ళు, చక్రపు పుల్లలు అరిగిన నిస్సంశయముగ మార్చవలెను. కాని నడచుటకు అడ్డురాని సొట్ట, వెలసిన పాత రంగు, అరిగిన ఫుట్‌రెస్టు రబ్బరు ఇవి చరిత్ర. వీనిని తీసివేసి తళతళలాడించిన బండి చూడ సొంపుగనుండును. కాని అది కొత్త వస్తువు, సాక్ష్యము కాదు. తీసివేసిన పాత భాగమును చీటికట్టి దాచుట ఉత్తమ మార్గము.

అమ్మీటరు ముల్లు

బాగుచేసిన బండిని నడుపుటలోను పాఠములున్నవి. పాత బుల్లెట్టును బలముతో తన్నిన కదలదు. ఒక్కొక్కపుడు కిక్ లివరు ఎదురుతన్ను తన్ని కాలికి గాయము చేయును. అనుభవజ్ఞులు తాళము త్రిప్పి, కిక్కును మెల్లగ నొక్కుచు అమ్మీటరు ముల్లును చూతురు. కాంటాక్టు పాయింట్లు కలిసియున్నపుడు కాయిల్ గుండ విద్యుత్తు ప్రవహించును గనుక ముల్లు ఋణము వైపు వాలును. పాయింట్లు విడివడగానే ప్రవాహమాగి ముల్లు నడుమకు వచ్చును. పాయింట్లు విడివడునది సంపీడనము ముగియు సమయముననే. కాబట్టి ముల్లు నడుమకు వచ్చినదనగా పిస్టను పై అంచును సమీపించినదన్నమాట. అపుడు డీకంప్రెసరు లివరును పట్టి కొంచెము ముందుకు జరిపి, లివరు వదలి, ఒక్క తన్ను తన్నిన ఇంజను మేల్కొనును. కంటికి కనబడని పిస్టను స్థానమును విద్యుత్తు ద్వారా తెలిసికొను ఈ ఉపాయము ఎంత చక్కనిది!

దీపము సంగతియు ఇట్టిదే. పాత బండ్లలో పెక్కింటికి 6 వోల్టుల విద్యుత్తు. అదే సామర్థ్యముగల బల్బుకు 12 వోల్టులకంటె రెట్టింపు ప్రవాహము కావలెను. తీగెల నిరోధమువలన నష్టమగు శక్తి ప్రవాహపు వర్గముననుసరించి పెరుగును గనుక నష్టము నాలుగు రెట్లు. ఒక్క అతుకు తుప్పుపట్టినను దీపము మినుకుమినుకుమనును. అందువలన కొత్త బల్బు కొనుటకు ముందు ఎర్తు అతుకులను గీకి శుభ్రపరచుట మేలు.

నల్లమల దిగునపుడు

ఘాట్ ఎక్కుటకంటె దిగుటలో జాగ్రత్త ఎక్కువ కావలెను. జావా, రాజ్‌దూత్ మున్నగు పాత రెండు స్ట్రోకుల బండ్లలో ఇంజనుకు చమురు వేరుగ పోదు. పెట్రోలులో కలిపినదియే లోపలి భాగములకు కందెన. వాలులో చాలసేపు థ్రాటిల్ మూసి, ఇంజను వేగముగ తిరుగుచుండ దిగినచో పెట్రోలుతో పాటు చమురును తగ్గిపోవును. పిస్టను పట్టివేయు ప్రమాదము కలదు. కావున నడుమ నడుమ థ్రాటిల్‌ను కొంచెము తెరచుచుండవలెను. పెట్రోలు పొదుపని ఇంజను ఆపి, న్యూట్రలులో జారవిడుచుట అంతకంటె ప్రమాదకరము. అపుడు వేగమునంతయు బ్రేకులే ఆపవలెను. పాత డ్రమ్ము బ్రేకులు ఎడతెగక నొక్కిన వేడెక్కి, డ్రమ్ము వ్యాకోచించి, లైనింగు పట్టు తగ్గును. దిగువ గేరులో, బ్రేకును పట్టుచు విడుచుచు దిగుట పెద్దల పద్ధతి.

ఈ అడవి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యములోనిది. వన్యమృగముల రక్షణకై రాత్రివేళ ఈ రోడ్డుపై రాకపోకలను నియంత్రింతురు. పాత బండికి సైలెన్సరు తీసివేసి, గర్జన పుట్టించుట ఘనతయని కొందరనుకొందురు. నిజమునకు కర్మాగారము నుండి వచ్చిన సైలెన్సరే చరిత్రకును సరియైనది, అడవికిని సరియైనది. అసలు రూపమునకు తెచ్చుటయే ధ్యేయమైనవాడు అసలు శబ్దమునకే తేవలెను.

పెట్రోలు, చట్టము

బండి పాతదైనను పెట్రోలు నేటిది. 2000 నాటికి దేశమంతట పెట్రోలులో సీసము కలుపుట మానివేసిరి. ప్రజారోగ్యమునకు ఇది గొప్ప మేలు. కాని కొన్ని పాత నాలుగు స్ట్రోకుల ఇంజనులలో వాల్వు సీట్లకు సీసము మెత్తవలె పనిచేసెడిది. అట్టివానికి గట్టి సీట్లు వేయించవలసివచ్చినది. 2025 నాటికి పెట్రోలులో ఇథనాలు 20 శాతమునకు చేరినది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. కొన్ని పాత రబ్బరులను ఉబ్బజేయును. నెలల తరబడి నిలిపియుంచు బండి టాంకులో ఈ పెట్రోలును ఉంచినచో అడుగున నీరు చేరి తుప్పు పుట్టును. రబ్బరు గొట్టములను, వాషర్లను ఇథనాలుకు తట్టుకొను రకమునకు మార్చి, బండి నిలుపునపుడు టాంకును, కార్బురేటరును ఖాళీ చేయుట అవసరము.

రెండు స్ట్రోకుల ఇంజను పొగ కూడ దాచదగిన సంగతి కాదు. దానిలో మండని పెట్రోలు కొంత పొగతో పాటు సరాసరి బయటికి పోవును. ఇది ఆ నిర్మాణములోనే యున్న లోపము. ఇట్టి బండి నిత్యము బజారుకు పోవుటకు తగినది కాదు. కొద్ది దూరము, సరియైన పాలు చమురుతో, చక్కగ సవరించి నడుపుటకు తగినది.

చట్టమును ఈ భేదమును గుర్తించినది. మామూలు బండికి 15 ఏండ్ల పిమ్మట రిజిస్ట్రేషనును పునరుద్ధరించుకొనవలెను. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నియమముల ప్రకారము, 50 ఏండ్లు దాటి, పెద్ద మార్పులు లేక అసలు రూపమున ఉన్న ద్విచక్ర వాహనములను, నాలుగు చక్రముల వాహనములను ‘వింటేజి’ వాహనములుగ నమోదు చేయవచ్చును. నంబరులో ‘వీఏ’ అను అక్షరములుండును. కొత్త నమోదు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేండ్లు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుటకు, మరమ్మతుకు మాత్రమే వానిని రోడ్డుమీదికి తేవచ్చును. 1975నాటి బండ్లు 2025లో ఈ 50 ఏండ్ల మెట్టు చేరినవి. అనగా మైసూరు జావాలు, మొదటి యెజ్డీలు, తొలినాటి మద్రాసు బుల్లెట్లు ఇపుడు చట్టరీత్యా పురావస్తువులతో సమానమగు స్థితికి వచ్చినవి.

నిలుపవలసినది

ఇనుము దొరకును, కొత్త భాగములు చేయించవచ్చును. దొరకనిది చేతి విద్య. ఇంజను చప్పుడు విని టాపెట్టు వదులో, చైను వదులో చెప్పగల చెవి, ఫీలర్ గేజి లేకయే పాయింట్ల ఎడమును సరిచేయగల వ్రేలు, పుల్లలను బిగించి వంకరపోయిన చక్రమును సరిచేయు ఓర్పు, ఇవి పుస్తకములలో లేవు. చిన్న పట్టణముల షెడ్లలో గురువునుండి శిష్యునికి నోటిమాటగ వచ్చినవి. నేటి బండ్లలో కార్బురేటరు స్థానమున ఎలక్ట్రానిక్ ఇంధన వ్యవస్థ వచ్చినది. దోషమును కంప్యూటరు చెప్పును. అది అభివృద్ధియే. కాని ఆ షెడ్లలో పాత విద్యను నేర్చుకొను శిష్యులు తగ్గిన, ఒక తరము గడచుసరికి పాత బండ్లు మ్యూజియములో బొమ్మలవలె నిలుచును, నడవవు.

పాఠశాలలు ఈ విషయమున చేయగల పని కలదు. భౌతికశాస్త్రోపాధ్యాయుడు విద్యార్థులను దగ్గరలోని షెడ్డుకు తీసికొనిపోయి, విప్పిన ఇంజనులో నాలుగు స్ట్రోకులను, స్పార్కు ప్లగును, క్లచ్చును చూపవచ్చును. చరిత్రోపాధ్యాయుడు ఊరిలోనికి మొదటి మోటారు సైకిలు ఎపుడు వచ్చినది, ఎవరు దేనికి వాడిరి, ఏ రోడ్డున తిరిగిరి అను విషయములను పెద్దలనడిగి వ్రాయింపవచ్చును. తెలుగు ఉపాధ్యాయుడు మెకానిక్కుల నోటనున్న పనిమాటలను సేకరింపజేయవచ్చును. పశువులకొట్టములో మూలబడియున్న సువేగ యొకటి కనబడినచో, దాని నంబరులను, తయారుపలకను ఫొటో తీసి, ఇనుము బేరగాని త్రాసునకు ఎక్కకుండ కాపాడిన చాలును. దానిని నడిపించువారు తరువాత దొరకుదురు. త్రాసునకెక్కిన బండి మాత్రము తిరిగి దొరకదు.